చల్లదనానికి చెల్లించిన వెల — ఓజోను పొర చరిత్ర

ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాబోటివాడు రసాయన వాయువులను గురించి వ్యాసం వ్రాయబూనడం సాహసమే. ఐనా వ్రాయక తప్పని పరిస్థితి ఒకటి వచ్చింది. అది నేను ఎప్పుడో చేసిన ఒక తప్పు వల్ల వచ్చింది గనుక, ముందుగా ఆ తప్పును ఒప్పుకొని తర్వాత చరిత్రలోకి వెళతాను.

గడచిన వేసవిలో మా ఇంట్లోని పాత ఏ.సి. చల్లదనం ఇవ్వడం మానేసింది. దానిని బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు నా పూర్వ విద్యార్థే. నలభై అయిదేళ్ళ వయసుంటుంది. యంత్రాన్ని గోడమీదనుంచి దింపి, గొట్టానికున్న నట్టు వదులు చేయగానే బుస్సుమని చప్పుడైంది. "ఏమిట్రా అది?" అన్నాను. "మిగిలిన పాత గ్యాసు మాస్టారూ, బయటికి వదిలేస్తున్నా. వెల్డింగు చేసి కొత్తది ఎక్కించాలిగా" అన్నాడు. ఆ గ్యాసు ఓజోను పొరను తింటుందని ఎక్కడో చదివిన జ్ఞాపకం ఉండి ఆ మాటే అన్నాను. వాడు నవ్వి, "ఓజోను అంటే మీరే చెప్పారుగా మాస్టారూ! ఓజస్సు అనే సంస్కృత శబ్దం నుంచి వచ్చిందని. నాకిప్పటికీ గుర్తే" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్లయింది. 1992 ప్రాంతంలో వార్తాపత్రికల్లో "ఓజోను పొరకు రంధ్రం" అన్న వార్తలు విరివిగా వస్తున్న రోజుల్లో, తరగతిలో ఎవరో ఆ మాటకు అర్థమడిగితే, తెలియదని చెప్పడానికి నామోషీ పడి, నోటికి వచ్చిన వ్యుత్పత్తి చెప్పేశాను. ఓజోను అన్నది గ్రీకు పదం. "వాసన వేయు" అని దాని ధాత్వర్థం. మెరుపు మెరిసినప్పుడు, విద్యుత్తు ప్రయోగాలు జరిపినప్పుడు వచ్చే ఒకానొక ఘాటైన వాసనను గమనించి, 1840లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ వాయువుకు ఆ పేరు పెట్టాడు. మన ఓజస్సుకూ దానికీ ధ్వనిసామ్యమే గాని రక్తసంబంధం లేదు. ఉపాధ్యాయుడు చెప్పిన తప్పు విద్యార్థి తలలో ముప్పై ఏళ్ళు భద్రంగా ఉంటుందన్న సంగతి ఆ రోజు తెలిసింది. ఆ అప్పు తీర్చుకోవడానికే ఈ నాలుగు మాటలు.

కుండ నుంచి కంప్రెసరు దాకా

మా చిన్నతనంలో చల్లదనమంటే ఇసుకలో పాతిన మట్టికుండ, తాటాకు పందిరి, కాస్త కలిగినవారి ఇళ్ళలో నీళ్ళు చల్లిన వట్టివేళ్ళ తడికలు. యంత్రంతో పుట్టే చల్లదనాన్ని నేను మొదట చూసింది గుంటూరులో, మిరపకాయలు నిలవచేసే శీతల గిడ్డంగిలో. మా మేనమామ అటువంటి గిడ్డంగిలో గుమాస్తాగా ఉండేవారు. అక్కడ చలిని పుట్టించేది అమ్మోనియా. ఒకనాడు గొట్టం పగిలి ఆ వాయువు బయటికి వచ్చిందనీ, హమాలీలంతా కళ్ళు మండి, ఊపిరాడక, తలగుడ్డలు ముక్కులకు అడ్డం పెట్టుకొని రోడ్డుమీదికి పరుగెత్తారనీ ఆయన చెబుతుంటే వినేవాళ్ళం. "చల్లదనం ఊరికే రాదురా, ప్రాణం మీదికి తెచ్చి మరీ వస్తుంది" అనేవారు.

ఆ భయమే మన కథకు నాంది. 1920లలో అమెరికాలోను ఐరోపాలోను ఇళ్ళలో రిఫ్రిజిరేటర్లు ప్రవేశించినప్పుడు వాటిలో అమ్మోనియా, గంధక ద్విఆక్సైడు, మిథైల్ క్లోరైడు అనే వాయువులు వాడేవారు. మూడూ విషాలే. నిద్రలో ఉన్న కుటుంబాలు లీకైన వాయువుతో మరణించిన సంఘటనలు పత్రికలకెక్కాయి. బెర్లినులో ఒక కుటుంబం అలా చనిపోయిన వార్త చదివి కలతచెందిన వారిలో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ఒకరు. ఆయన తన మిత్రుడు లియో జిలార్డుతో కలిసి, కదిలే భాగాలు లేని రిఫ్రిజిరేటరును రూపొందించి 1930లో అమెరికాలో పేటెంటు పొందాడు. అది బజారుకు రాలేదు. దానికి ముందే మరొకటి వచ్చేసింది.

1928లో జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన థామస్ మిడ్జిలీ అనే ఇంజనీరు, తన సహచరులతో కలిసి, మండనిదీ, విషం కానిదీ, దేనితోనూ చర్య జరపనిదీ అయిన ఒక శీతలీకరణ వాయువును తయారుచేశాడు. క్లోరోఫ్లోరోకార్బన్ల కుటుంబానికి చెందిన దానికి వాణిజ్యనామం ఫ్రియాన్. 1930లో రసాయన శాస్త్రవేత్తల సభలో మిడ్జిలీ ఆ వాయువును గుండెనిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తిమీదికి ఊది దానిని ఆర్పి చూపించాడు. విషం కాదనడానికీ, మండదనడానికీ ఒకే ఊపిరితో రెండు రుజువులు! అంతకుముందు 1921లో పెట్రోలులో సీసం కలిపే ఉపాయం కనిపెట్టినవాడూ ఇతడే. ఒక్క మనిషి చేతిమీదుగా వాతావరణానికి ఇంత చేటు జరగడం అరుదు. ఐతే ఫ్రియాను విషయంలో అతనిని దోషి అనడానికి నా మనసొప్పదు. తన కాలానికి తెలిసిన ప్రమాదం నుంచి జనాన్ని కాపాడాడు. తెలియని ప్రమాదం ఆకాశంలో పొంచి ఉంది.

మేలైన గుణమే దోషమైన వైనం

దేనితోనూ చర్య జరపకపోవడం ఆ వాయువుల గొప్ప గుణం. కనుకనే శీతల యంత్రాల్లోనే గాక, సువాసన ద్రవ్యాలు, దోమల మందులు చిమ్మే డబ్బాల్లో, పరుపుల నురుగు తయారీలో, ఎలక్ట్రానిక్ పలకలు శుభ్రం చేయడంలో విచ్చలవిడిగా వాడారు. చివరికవి ఎక్కడికి పోతున్నాయో ఎవరూ అడగలేదు. 1970ల మొదట్లో జేమ్స్ లవ్‌లాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, తాను తయారుచేసిన అతిసున్నితమైన పరికరంతో అంటార్కిటికా దాకా ఓడప్రయాణం చేసి, ఈ వాయువుల ఆనవాళ్ళు మహాసముద్రాల మీది గాలిలో సైతం ఉన్నట్లు కనుగొన్నాడు. అంటే, వదిలినవి వదిలినట్లే పైన పోగుపడుతున్నాయి!

ఆ పోగుపడినవి ఏమవుతాయన్న ప్రశ్నకు జవాబు 1974 జూన్‌లో నేచర్ పత్రికలో వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ దానిని వ్రాశారు. కింద చెక్కుచెదరని ఈ అణువులు మెల్లగా స్ట్రాటో ఆవరణానికి చేరి, అక్కడి తీక్ష్ణమైన అతినీలలోహిత కిరణాల దెబ్బకు విడిపోయి క్లోరినును విడుదల చేస్తాయి. ఆ క్లోరిను పరమాణువు ఒక ఓజోను అణువును విరిచి, తాను మాత్రం చెక్కుచెదరక బయటపడి, మరొక అణువు మీద పడుతుంది. ఇలా ఒక్క పరమాణువు లక్ష ఓజోను అణువుల దాకా నాశనం చేయగలదు. ఓజోను పొర మందమైనదా అంటే అదీ కాదు. ఆకాశంలో ఉన్న ఓజోనునంతా నేలమీది పీడనానికి, ఉష్ణోగ్రతకు తెస్తే మూడు మిల్లీమీటర్ల మందం వస్తుంది. అంతే! ఆ మూడు మిల్లీమీటర్ల గొడుగే మనకు, మన పైరులకు, సముద్రంలోని సూక్ష్మజీవులకు రక్ష. అది పలచబడితే చర్మపు క్యాన్సర్లు, కంటి శుక్లాలు పెరుగుతాయి.

వర్తకులు రెండు దారులు తొక్కారు

ఇక్కడి నుంచి కథ శాస్త్రజ్ఞుల చేతిలోనుంచి వర్తకుల చేతికీ, ప్రభువుల చేతికీ వచ్చింది. వర్తకులంతా ఒకే తీరుగా ప్రవర్తించారనుకోవడం పొరపాటు. చిమ్ముడు డబ్బాలు తయారుచేసే జాన్సన్ వ్యాక్స్ సంస్థ, ఏ చట్టమూ అడగకముందే, 1975లో తన సరుకుల్లో ఈ వాయువులు వాడడం మానివేస్తున్నట్లు ప్రకటించింది. తోటి వ్యాపారులు కోపగించుకున్నారు. కొనేవారు మాత్రం మెచ్చుకున్నారు. వేరే వాయువులు అప్పటికే చౌకగా దొరుకుతున్నాయి గనుక ఆ మార్పు సాధ్యమైంది. 1978లో అమెరికా ప్రభుత్వం అత్యవసరం కాని చిమ్ముడు డబ్బాల్లో ఈ వాయువుల వాడకాన్ని నిషేధించింది.

ప్రపంచపు ఉత్పత్తిలో సుమారు నాలుగోవంతు చేతిలో ఉన్న డ్యూపాంట్ సంస్థ మరో దారి తొక్కింది. నమ్మదగిన రుజువు దొరికితే తయారీ ఆపుతామని 1975లో పత్రికల్లో ప్రకటనలిచ్చింది. మరోవంక, రుజువు చాలదని వాదిస్తూ వచ్చింది. ప్రత్యామ్నాయ వాయువుల మీద కొంత పరిశోధన చేసి, 1980 దాటాక దానిని దాదాపు ఆపివేసింది. కారణం సుస్పష్టం: ప్రత్యామ్నాయాలు ఖరీదైనవి, చౌకవాయువు చట్టబద్ధంగా దొరుకుతుండగా వాటిని కొనేవాడు లేడు. వ్యాపారి తెలివి ఎంత గొప్పదైనా, కొనుగోలుదారు లేనిచోట అది ముందుకు కదలదు. కొనుగోలుదారుని సృష్టించవలసింది ఈ విషయంలో చట్టమే. ఈ ఒక్క వాక్యం కోసమే ఈ చరిత్రంతా చదవవచ్చునని నా అభిప్రాయం.

1985 మేలో బ్రిటిష్ అంటార్కిటిక్ పరిశోధకులు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ నేచర్‌లో ప్రకటించిన వార్త లోకాన్ని నివ్వెరపరచింది. హాలీ బే కేంద్రంపైన ప్రతి వసంతంలోను ఓజోను అనూహ్యంగా పడిపోతున్నది. అంతవరకు లెక్కల్లో ఉన్న ప్రమాదం కొలతల్లోకి వచ్చింది. అదే సంవత్సరం వియన్నాలో ఒక ఒడంబడిక కుదిరింది. దానికి కొనసాగింపుగా 1987 సెప్టెంబరు 16న కెనడాలోని మాంట్రియల్ నగరంలో 24 దేశాలు, ఐరోపా ఆర్థిక సముదాయం కలిసి ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఈజిప్టు దేశీయుడైన ముస్తఫా తోల్బా, ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ అధిపతిగా, దీనికి సూత్రధారి.

మొదటి ఒప్పందం ఈ వాయువుల వాడకాన్ని సగానికి తగ్గించాలని మాత్రమే అన్నది. కాని దాని నిర్మాణంలో నాలుగు తెలివైన పనులు జరిగాయి. ఒకటి, శాస్త్రజ్ఞులు కొత్త సంగతులు చెప్పినకొద్దీ గడువులు బిగించుకొనే వీలు. రెండు, ఒప్పందంలో చేరని దేశాలతో ఈ సరుకుల వర్తకం చేయరాదన్న నియమం. దీనివల్ల బయట ఉండడం నష్టమైంది. మూడు, తలసరి వాడకం 0.3 కిలోగ్రాములకు తక్కువగా ఉన్న వర్ధమాన దేశాలకు పదేళ్ళ అదనపు గడువు. నాలుగు, ఏ వాయువు వాడాలో చెప్పకపోవడం. ఏది వాడరాదో మాత్రమే చట్టం చెప్పింది. ఏది వాడాలో కనిపెట్టే పని తయారీదారుల బుద్ధికి వదిలింది.

1988 మార్చిలో అమెరికా అంతరిక్ష సంస్థ ఆధ్వర్యంలోని నిపుణుల బృందం తన నిర్ణయాన్ని వెల్లడించిన కొద్దిరోజులకే డ్యూపాంట్ ఈ వాయువుల తయారీ నుంచి క్రమంగా తప్పుకుంటానని ప్రకటించింది. ఇది పశ్చాత్తాపమా, లాభాపేక్షా అని చరిత్రకారులు వాదించుకుంటారు. చట్టం ఖాయమయ్యాక ప్రత్యామ్నాయాలు ముందుగా తయారుచేసినవాడిదే బజారు. రెండూ కలిసే పనిచేసి ఉంటాయి. 1990 నుంచి అమెరికా ఈ వాయువుల మీద పౌనుకు 1.37 డాలర్ల సుంకం వేసి, ఏటా పెంచుతూ పోయింది. దొంగరవాణా కూడ పుట్టింది. 1990లలో మయామీ రేవులో ఈ సిలిండర్లు దొంగసరుకుగా పట్టుబడ్డాయి. చట్టమున్నచోట దొంగదారి ఉండడం వింతకాదు గదా!

నారింజ తొక్కలు, నూనెగ్యాసు

చట్టం తలుపు మూయగానే వ్యాపారపు బుద్ధి ఎన్ని కిటికీలు తెరిచిందో చూస్తే ముచ్చటేస్తుంది. ఎలక్ట్రానిక్ పలకలను శుభ్రపరచడానికి ఈ వాయువు తప్ప గత్యంతరం లేదని మొదట అన్నారు. 1988లో అమెరికాలోని ఏ.టి. అండ్ టి. సంస్థ నారింజ తొక్కలనుంచి తీసే ద్రావణంతో అదే పని జరుగుతుందని చూపింది. కెనడాకు చెందిన నార్దరన్ టెలికాం, అసలు కడగవలసిన అవసరమే రాకుండా అతుకు వేసే పద్ధతిని స్థిరపరచింది. కడగడానికి పెట్టే ఖర్చే మిగిలింది!

అన్నిటికంటె నన్ను కదిలించినది తూర్పు జర్మనీలోని ఒక పాత కర్మాగారపు కథ. జర్మనీ ఏకమైన తర్వాత షార్ఫెన్‌స్టైన్ అనే చిన్న పట్టణంలోని రిఫ్రిజిరేటర్ల కర్మాగారం మూతపడే స్థితికి వచ్చింది. డార్ట్‌మండ్ నగరంలోని వైద్యులు, శాస్త్రజ్ఞులు కొందరు వంటగ్యాసు జాతికి చెందిన హైడ్రోకార్బన్లతో ఆహారాన్ని చల్లబరచవచ్చునని నిరూపించి ఉన్నారు. పెద్ద కంపెనీలు దానిని పట్టించుకోలేదు. 1992లో గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ ఈ ఇద్దరినీ కలిపి, పది నమూనా పెట్టెలు చేయించి, జనం నుంచి ముందస్తు ఆర్డర్లు సేకరించింది. కొద్దివారాల్లో 70,000 ఆర్డర్లు వచ్చాయి. 1993లో పెట్టెలు బజారుకు వచ్చాయి. అంతకుముందు మంటపుడుతుందని ఎద్దేవా చేసిన పెద్ద కంపెనీలే తాము కూడ అటువంటివి తయారుచేయసాగాయి. గ్రీన్‌పీస్ ఆ పద్ధతికి పేటెంటు తీసుకోకుండా అందరికీ వదిలివేసింది. చైనా కర్మాగారాలు దానిని అందిపుచ్చుకున్నాయి. మనదేశంలో గోద్రెజ్ 2000ల ఆరంభంలో ఈ రకం రిఫ్రిజిరేటర్లను, 2012లో ప్రొపేనుతో నడిచే ఏ.సి.ని తెచ్చింది. దారి చూపిన ఆ జర్మను కర్మాగారం మాత్రం పోటీకి తాళలేక 1996లో దివాలా తీసింది. మామిడిమొక్క నాటినవాడు పండు తినకుండానే పోవడం లోకంలో కొత్తకాదు.

లండనులో భారతదేశం అడిగిన ప్రశ్న

మనదేశం మొదట ఈ ఒప్పందంలో చేరలేదు. కారణం సబబైనదే. ఆకాశానికి రంధ్రం పెట్టింది ధనిక దేశాలు. మన తలసరి వాడకం వారి వాడకంలో లెక్కకు రానంతటిది. ఇప్పుడిప్పుడే మధ్యతరగతి ఇంటికి రిఫ్రిజిరేటరు వస్తుంటే, ఖరీదైన కొత్త వాయువులు కొనమంటే ఆ అదనపు ఖర్చు ఎవరు భరించాలి? 1990 జూన్‌లో లండనులో జరిగిన సమావేశంలో పర్యావరణ మంత్రిగా మేనకా గాంధీ భారతదేశం పక్షాన ఈ వాదాన్ని గట్టిగా వినిపించారు. చైనా కూడ తోడయింది. ఫలితంగా బహుపాక్షిక నిధి ఏర్పడింది. మూడేళ్ళకు 16 కోట్ల డాలర్లు, భారత్, చైనాలు చేరితే 24 కోట్లు అని నిర్ణయించారు. 1992లో మనదేశం ఒప్పందంలో చేరింది.

ఆ తర్వాత మనవాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. మనదేశంలో ఈ వాయువులు తయారుచేసే సంస్థలు నాలుగు. వాటి ఉత్పత్తిని అంచెలంచెలుగా ఆపడానికి 1999లో 8.2 కోట్ల డాలర్ల సాయం మంజూరైంది. 2000లో ఓజోను నియంత్రణ నియమావళి వచ్చింది. 2010 జనవరి వరకు గడువుండగా, 17 నెలల ముందే, 2008 ఆగస్టు 1 నాటికి క్లోరోఫ్లోరోకార్బన్ల తయారీ ఆగిపోయింది. ఉబ్బసపు మందులకు కావలసినది మాత్రం మినహాయింపు.

ఆ మినహాయింపులో నేనున్నాను. మిరపఘాటు మధ్య పెరిగినందువల్లనో, సుద్దముక్కల పొడివల్లనో, నాకు నడివయసులో ఉబ్బసం పట్టుకుంది. జేబులో పెట్టుకొని తిరిగిన ఆ చిన్న పీల్పుడు డబ్బాలో మందును చిమ్మేది ఈ వాయువే. అంటే తరగతిలో ఓజోను రంధ్రం గురించి పిల్లలకు చెబుతూ, విరామంలో వెళ్ళి అదే వాయువును పీల్చేవాడిని! ఆ డబ్బాలను కూడ తర్వాతి కాలంలో మార్చారు. మార్చేవరకు రోగులకు మందు అందకుండా పోకూడదని ఒప్పందమే దారి వదిలింది. చట్టానికి దయ ఉండాలనేది పుస్తకాల్లో చదివిన మాట. నాకది ఊపిరితో తెలిసిన మాట.

గెలుపులోని లోపాలు

2009 నాటికి ప్రపంచదేశాలన్నీ మాంట్రియల్ ఒప్పందాన్ని ఆమోదించాయి. 2023 జనవరిలో వెల్లడైన శాస్త్రజ్ఞుల అంచనా ప్రకారం ఇప్పటి విధానాలు కొనసాగితే, అంటార్కిటికాపై ఓజోను 2066 ప్రాంతానికి, ఆర్కిటిక్‌పై 2045కు, మిగిలిన భూమిపై 2040కు 1980 నాటి స్థాయికి చేరుతుంది. నేను 2066ను చూడను. నా మనవరాలు చూస్తుంది.

ఐతే చరిత్రను స్తోత్రంగా వ్రాయకూడదు. ఓజోనును కాపాడడానికి తెచ్చిన హైడ్రోఫ్లోరోకార్బన్లు ఓజోనును తినవు గాని, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు వందల, వేల రెట్లు మిన్న. మిడ్జిలీ కథే మళ్ళీ జరిగింది: ఒక ప్రమాదం తప్పించబోయి మరొకటి తెచ్చుకున్నాం. దానిని సరిదిద్దడానికి 2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలీలో మరో సవరణ చేశారు. మనదేశం 2021లో దానిని ఆమోదించింది. 2028లో పెరుగుదల ఆపి, 2047 నాటికి 85 శాతం తగ్గించాలని మన బాధ్యత.

విధానం తప్పుగా కడితే వ్యాపారపు తెలివి ఎటు పోతుందో కూడ ఈ చరిత్రలోనే ఉన్నది. ఒక శీతల వాయువును తయారుచేసేటప్పుడు ఉపఉత్పత్తిగా వచ్చే హెచ్.ఎఫ్.సి.-23 అనే మహాతాపకారిని కాల్చివేస్తే, కర్బన పరపతి పథకం కింద డబ్బు వచ్చేది. కాల్చడానికయ్యే ఖర్చుకంటే వచ్చే సొమ్ము ఎన్నో రెట్లు. దానితో మనదేశంలోను, చైనాలోను, చెత్తకోసం సరుకు తయారుచేయడమే లాభసాటి అయ్యే విపరీతం తలెత్తింది. ఐరోపా సమాజం 2013లో ఆ పరపతులను తిరస్కరించింది. 2016లో మన ప్రభుత్వం ఏ ప్రతిఫలమూ లేకుండా ఆ వాయువును తయారీదారులే నాశనం చేయాలని ఆదేశించింది. బహుమానానికీ బాధ్యతకూ నడుమ గీత ఎక్కడ గీయాలో తెలియకపోతే, దొంగకు తాళంచెవి ఇచ్చినట్లే.

బుస్సుమన్న చప్పుడు

ఇప్పుడు మా ఇంటి వాకిటికి వద్దాం. మా పాత ఏ.సి.లో ఉన్నది ఆర్-22 అనే వాయువు. ఓజోనును కొద్దిగా తింటుంది; వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు సుమారు 1,800 రెట్లు. అటువంటి యంత్రంలో కిలోకు అటూ ఇటూగా వాయువుంటుంది. అంటే నిండుగా ఉన్న యంత్రాన్ని ఒక్కసారి విప్పి వదిలేస్తే దాదాపు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువును వదిలినట్లు. 2025 జనవరి 1 నుంచి మనదేశంలో కొత్త యంత్రాల తయారీలో ఈ జాతి వాయువుల వాడకం నిషిద్ధం. కాని గోడలకు వేలాడుతున్న పాత యంత్రాల మాట ఏమిటి?

ఆ మాటే వాడినడిగాను. "గ్యాసును వెనక్కి పట్టే మిషనుంటుంది మాస్టారూ. ట్రైనింగులో చూపించారు. కాని దాని ఖరీదు నేనెక్కడ పెట్టగలను? పోనీ పట్టాననుకోండి, ఆ పాత గ్యాసు ఎవరు కొంటారు? పట్టడానికి అరగంట ఎక్కువ పడుతుంది. ఆ అరగంటకు డబ్బులడిగితే మీరిస్తారేమో, పక్కింటివాళ్ళివ్వరు" అన్నాడు.

నాకు 1980 నాటి డ్యూపాంట్ వాదం జ్ఞాపకం వచ్చింది. కొనేవాడు లేడు గనుక చేయను. అంత పెద్ద కంపెనీ చెప్పిన మాటనే మా ఊరి మెకానిక్కు చెప్పాడు. తేడా ఒక్కటే: కంపెనీకి వేరే దారి ఉంది, వాడికి లేదు. కనుక వాడిని మందలించే అర్హత నాకు కనపడలేదు. కంపెనీకి వర్తించిన మందే ఇక్కడా వర్తించాలి. పాత వాయువును తిరిగి ఇచ్చినవారికి కొత్త సిలిండరు ధరలో తగ్గింపు. ఆ ఖర్చు వాయువు తయారుచేసేవారి బాధ్యత. నలుగురైదుగురు మెకానిక్కులకు ఉమ్మడిగా ఒక యంత్రం. ఇవి ఆకాశంనుంచి దిగిరావలసిన ఉపాయాలు కావు. లండనులో మనదేశం అడిగిన న్యాయమే ఇది: అదనపు ఖర్చు చిన్నవాడి నెత్తిన వేయరాదు. దేశాల మధ్య అడిగిన న్యాయాన్ని దేశంలోపల కూడ పాటించాలి గదా!

దీనితోపాటు చల్లదనం అవసరాన్నే తగ్గించే పనులున్నాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. ఎండను తిప్పికొట్టే పూతలు, పెంకులు వాడితే ఇంటిలోపలి వేడి తగ్గుతుంది. 2020 నుంచి అమ్మే ఏ.సి.లు మొదట 24 డిగ్రీల దగ్గర తెరుచుకొనేలా కేంద్రం నియమం పెట్టింది. సున్నం కొట్టిన డాబాలు, తాటాకు పందిళ్ళు తెలిసిన మన పెద్దలకు ఇందులో కొత్తదనం కనిపించదు. ఇక మా మేనమామ భయపడిన అమ్మోనియా మాట. ఓజోనుకు గాని, భూతాపానికి గాని దానివల్ల హాని లేదు, జాగ్రత్తగా వాడుకోవాలంతే. గుంటూరు గిడ్డంగులలోని ఆ పాత వాయువును ఇప్పుడు ప్రపంచమంతా మేలైన దానిగా ఎంచుతున్నది. తొందరపడి పాతదానిని పారేసి, తిరిగి చుట్టుతిరిగి అక్కడికే వచ్చాం.

వెళ్ళబోతూ ఆ విద్యార్థి బిల్లు వ్రాస్తుంటే, "నాయనా, ఆ రోజు నేను చెప్పింది తప్పు. ఓజోను ఓజస్సు నుంచి రాలేదు" అని చెప్పాను. వాడు కాసేపు నా వంక చూసి, "పోనీలెండి మాస్టారూ, ఏదైతేనేం, ఆ మాట అలా గుర్తుండిపోయింది" అన్నాడు. ఈసారి వచ్చేటప్పుడు తోటి మెకానిక్కులతో మాట్లాడి ఆ వెనక్కి పట్టే యంత్రం అద్దెకు దొరుకుతుందేమో కనుక్కొని రమ్మన్నాను. అరగంట అదనపు కూలి నేనిస్తానన్నాను. సరేనన్నాడు.

తప్పు దిద్దుకోవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది నాకు. 1974లో తెలిసిన తప్పును దిద్దడం మొదలుపెట్టడానికి ప్రపంచానికి పదమూడేళ్ళు పట్టింది. ఆకాశం మానడానికి మరో నలభై ఏళ్ళు పడుతుంది. ఆలస్యమైనా దిద్దుకున్న తప్పే మేలు.